సలోమి చూసిన సముద్రం

నిన్న తార్నాకలో బూట్లు కొని డబ్బా తెరిస్తే, కొత్త అట్ట వాసనకి సలోమి గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఇలాంటి డబ్బాకే కన్నం పెట్టి కెమెరా చేసుకున్నాం.

సలోమి వాళ్ల నాన్నకి లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం. ఏటా రైలు పాసు మీద సలోమి ఊళ్లు తిరిగొచ్చేది. మా నాన్న యూనివర్సిటీలో గుమాస్తా. నేను క్యాంపస్ దాటింది తక్కువ. అయినా మా ఆటలో సలోమి కెమెరా పట్టుకుంటే, టీవీలో ఊళ్లు చూపించే యాంకర్‌ని నేనే. అది చెప్పింది విని, దువ్వెన మైకులా పట్టుకుని అప్పజెప్పేదాన్ని. ఎవరు మాట్లాడితే ప్రయాణం వాళ్లదే అనుకునేదాన్ని.

స్కూల్ వార్షికోత్సవంలో స్టేజీ మీద ఇదే ఆట ఆడుతూ కన్యాకుమారి గురించి చెప్పాను. "పొద్దుగాల సముద్రం తోమిన ఇత్తడి బిందె లెక్క మెరుస్తది" అన్నాను, అచ్చం సలోమి చెప్పినట్టే. అందరూ చప్పట్లు కొట్టారు.

"నువ్వెప్పుడు పోయినవే?" అని టీచర్ అడిగింది.

"పోయినేడు, టీచర్."

పక్కనే ఉన్న సలోమి డబ్బా కెమెరాని కిందికి దించింది. బయటికొచ్చాక, "గాడికి పోయింది నేను గదా" అంది. ఆ తర్వాత ఏ ఊరు తిరిగొచ్చినా నాకు చెప్పలేదు.

ఇప్పుడు నిజంగానే యాంకర్‌ని. మొన్న కన్యాకుమారిలో షూటింగ్. తెల్లారే సముద్రాన్ని చూడగానే ఆ ఇత్తడి బిందె మాటే నోట్లోంచి వచ్చింది.

"సూపర్ మేడమ్! ఎట్ల తడుతయి మీకు గిసుంటి మాటలు?" అన్నాడు కెమెరామన్.

నవ్వి ఊరుకున్నాను.