బెత్తెడు గుడ్డకు గద్వాల అంచు

"నాయిన పొద్దుగాల పోయిండు, నువ్వు రా" అని పోయిన నెల గద్వాల నుంచి అన్న ఫోన్ చేసినప్పుడు నేను వనపర్తిలో పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతున్నాను. పోయింది అన్నకు నాయిన, నాకు పెద్దనాయన. మగ్గం మీద చీరలు నేసి బతికిన మనిషి. కానీ ఆయన్ను తలుచుకుంటే నాకు ముందు బొమ్మలే గుర్తొస్తాయి.

చిన్నప్పుడు ఆయన అద్దెకు తెచ్చుకుని చదివిన బొమ్మల కథల పుస్తకాల్లోని వీరుల ఆటబొమ్మలు అవి. ముసుగేసుకుని గుర్రమెక్కినవాడు, ఆకాశంలో ఎగిరేవాడు, వాళ్ల ముఖాలు అచ్చేసిన పెన్సిలు డబ్బాలు. చీరలు ఇవ్వడానికి హైదరాబాదు పోయినప్పుడల్లా పాత సామాన్ల అంగళ్లు గాలించి తెచ్చేవాడు. పెద్దమ్మ చూడకూడదని సద్ది గిన్నెలో దాచేవాడు. ఆ గిన్నె కడిగేది పెద్దమ్మేనన్న సంగతి ఆయనకు ఎన్నడూ తట్టలేదు. గుర్రపు వీరుడికి మామిడికాయ తొక్కు వాసన ఇప్పటికీ పోలేదు.

ఎక్కువ బొమ్మలకు వీపు మీది గుడ్డ ఊడిపోయి ఉండేది. అది ఆయన చూడలేకపోయేవాడు. చీరకు పోగా మిగిలిన నూలు, పట్టు పోగులతో బెత్తెడు గుడ్డ నేసి భుజాలకు కట్టేవాడు. గద్వాల మనిషి కదా, అంచు లేకుండా నేయడం చేతకాదు. ఎగిరే వీరుడు జరీ అంచుతో పెళ్లికి పోతున్నట్టు ఉండేవాడు. "నా చీర కంటె వీని అంచే మంచిగున్నది" అని పెద్దమ్మ మూతి తిప్పేది. పిల్లలం ఏ బొమ్మ అడిగినా చేతికిచ్చేవాడు. "ఆడుకోనీకి కాకుంటే ఇంకెందుకు బిడ్డా" అనేవాడు.

ఆ బొమ్మలను పదిమంది చూడాలని ఒక్కటే ఆయన కోరిక. హైదరాబాదులో పాత బొమ్మల ప్రదర్శన పెడుతున్నారని తెలిసి, అన్నిటినీ ధోతిలో మూటకట్టుకుని వచ్చాడు. అప్పట్లో అక్కడ చదువుకుంటున్న నేను తోడు పోయాను. నిర్వాహకుడు మర్యాదస్తుడే. బొమ్మలు కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండాలనీ, ఆ గుడ్డలు తీసేస్తే బల్ల మీద పెడతామనీ చెప్పాడు. పెద్దనాయన బొమ్మలన్నిటినీ ధోతి మీదికి చేర్చాడు.

"లేదు సార్. నేసినోన్ని, నా చేతులతోని ఎట్ల ఇప్పుత" అని మళ్లీ మూట కట్టాడు.

ఒంటరిగా పంపబుద్ధి కాక నేనూ గద్వాల బస్సెక్కాను. నాకు ఏడుపొచ్చింది. ఆయనకూ వచ్చే ఉంటుంది, జడ్చర్ల దాకా కిటికీలోంచి బయటికే చూశాడు.

మర్నాడు బొమ్మలన్నీ ఇంటి ముందు అరుగు మీద పేర్చాడు. మాది నేతగాళ్ల వీధి. వచ్చినవాళ్లెవరూ వీరుల ముఖాలు చూస్తే ఒట్టు. గుడ్డలు తిరగేసి వెనకవైపు చూశారు, పోగులు వేలితో తడిమారు. "అన్నా, గింత గుడ్డల అంచు ఎట్ల కలిపినవ్" అని అడిగారు. అన్నం సంగతి మరిచి సాయంత్రం దాకా చెబుతూనే ఉన్నాడు పెద్దనాయన. ఆయన్ను అంత సంతోషంగా నేను మళ్లీ చూడలేదు. నచ్చినదాన్ని సిగ్గుపడకుండా ప్రేమించవచ్చని నాకు తెలిసింది ఆయన వల్లే. ఆ మేలు చిన్నది కాదు.

పదకొండో రోజు మైల తీయడానికి ఇంట్లో బట్టలన్నీ ఉతికారు. పెరట్లోకి పోయి చూస్తే, దండెం మీద దుప్పట్ల పక్కన ఆ బెత్తెడు గుడ్డలు వరసగా ఆరుతున్నాయి. విప్పింది పెద్దమ్మ.

"గవి గూడ ఇంట్ల బట్టలే గద బిడ్డా" అంది.

బట్టలు ఆరేదాకా వీరులు సిగ్గుపడకూడదని అందరినీ మంచం మీద పడుకోబెట్టి తువ్వాల కప్పింది. దాని కిందనుంచి, ఎగిరేవాడి చెయ్యి ఒకటి బయటికి చాచి ఉంది.