పద్దెనిమిదో వీధి మేనమామ

ఆమోసు గారు వరస కలపనిదే మనిషితో మాట్లాడలేరు. కొందరికి కాఫీ పడనిదే నోరు పెగలదు. ఆయనకు ఎదుటి మనిషి బావో, బాబాయో, మేనత్తో తేలనిదే నోరు పెగలదు. బాపట్లలో ఉన్నన్నాళ్లూ ఈ అలవాటు ఎవరి కంటా పడలేదు, అక్కడ అందరికీ అదే అలవాటు గనుక. అది వ్యాధి వంటిదని ఆయన భార్య వసంతకుమారి గ్రహించినది షికాగోకు వచ్చిన తరువాతనే.

1977లో వారు మొదట కాపురం పెట్టినది నగరానికి ఉత్తరాన, సరస్సు ఒడ్డున ఉన్న ఒక ఎత్తైన భవనంలో. మొదటి వారంలోనే ఆమోసు గారు లిఫ్టులో ఒక తెల్ల పెద్దమనిషిని "బ్రదర్-ఇన్-లా" అని ఆప్యాయంగా పలకరించారు. ఆ పెద్దమనిషి ఇంటికి వెళ్లి, తనకు తెలియని చెల్లెలు ఎవరైనా ఉన్నదా అని తల్లికి ఫోను చేసినట్లు వినికిడి. అది మొదలు ఆమోసు గారు లిఫ్టు ఎక్కితే మిగిలినవారు మెట్లెక్కేవారు. వరస కలిపేందుకు మనిషి దొరకక ఆయన బక్కచిక్కిపోయారు.

అప్పుడు ఆయన తాను పనిచేసే ఫ్యాక్టరీకి దగ్గరని పద్దెనిమిదో వీధికి మారారు. ఒకప్పుడు యూరపులోని బొహీమియా నుంచి వచ్చినవారు కట్టుకున్న ఆ పేటలో ఇప్పుడు అంతటా మెక్సికో వారే. పాత ఇటుక గోడల మీద మనిషికి రెండింతల బొమ్మలు, కిటికీల్లోంచి ట్రంపెట్లు, తెల్లవారేసరికి మొక్కజొన్న రొట్టెల ఆవిరి. చర్చి గోపురం పాతవారిది, లోపలి పాట కొత్తవారిది. మంచుకు బిగుసుకుపోయిన ఆ మహానగరం ఈ వీధికి వచ్చేసరికి బొత్తాలు విప్పుకుని కూర్చున్నట్లుండేది. ఇక్కడ ఆమోసు గారు మంగలి దుకాణంలోకి వెళ్లి "అంకుల్" అనగానే ఆ మంగలి లేచి కౌగిలించుకున్నాడు. ఈ పేటలో ప్రతివాడూ ప్రతివాడికీ కొంపాద్రేయే. బిడ్డకు జ్ఞానస్నానమప్పుడు తోడు నిలబడితే చాలు, రెండు కుటుంబాలూ జన్మంతా చుట్టాలే.

"కుమారీ, అమెరికాలో మనుషులున్నారు! మనమే తప్పు ఎడ్రసులో దిగాం!" అన్నారు ఆమోసు గారు, చెమర్చిన కళ్లతో.

"ఆ మంగలి మీకంటే పదేళ్లు చిన్నవాడండీ. అంకుల్ ఏ వరసన?"

"అతని పేరు ఎలియాస్. అంటే ఏలీయా. మా చిన్నాన్న పేరేంటి? ఏలీయా. బైబిల్లో పేరొకటే అయినప్పుడు వరస రెండెలా అవుద్ది?"

ఆ లెక్కన రొట్టెల దుకాణం మార్త ఆయనకు అక్క అయింది, బాపట్లలోని అక్క పేరు మార్త గనుక. మార్త భర్త రమోన్ బావ అయ్యాడు. ఆమోసు గారి ఇంటి పక్కనే మొక్కజొన్న మర నడిపే రాకెల్, రాహేలు గనుక పెద్దమ్మ అయింది. ఆయన నేర్పగా ఎలియాస్ "చినానా" అనే మాటను, అది ఏదో బిరుదైనట్లు రొమ్ము విరుచుకుని పలికేవాడు.

"మరి ఎదురు వరుసలో లాండ్రీ నడిపే ఆవిడ పేరు కూడా మార్తేగా. ఆవిడ మీకేమవుద్ది?" అని ఒకనాడు వసంతకుమారి నిలదీసింది.

ఆమోసు గారు దగ్గారు. "ఆవిడా? ఆవిడది వేరే శాఖలే."

1978 శరదృతువులో మార్త కుమార్తె గ్రాసియేలాకు పదిహేనేళ్లు నిండాయి. ఆ వయసుకు ఆడపిల్లకు వారు చర్చిలో ప్రార్థన చేయించి, హాలులో విందుచేసి, కిన్సెన్యేరా అనే వేడుక జరుపుతారు. ఆప్తులలో ఒకరు కేకుకు, ఒకరు కిరీటానికి, ఒకరు సంగీతానికి పెద్దలుగా నిలబడతారు. ఎత్తు మడమల జోళ్లకు ఆమోసు గారు నిలబడాలని రమోన్ అడిగాడు. ఆయన సరేనన్నారు గానీ, ఇంటికి వచ్చి తల పట్టుకున్నారు.

"అక్క కూతురు నాకు మేనకోడలు. మేనమామ ఓణీ తేకుండా ఉత్త జోళ్లు తెస్తాడా? మా వాళ్లు వింటే ఏమంటారు!"

"మీ వాళ్లు బాపట్లలో ఉన్నారండీ. ఆ పిల్ల మంచులాంటి తెల్లగౌను కుట్టించుకుంది. ప్లీజ్, పరువు తీయకండి."

హాలులో ట్రంపెట్లు ఆగాయి. ఆమోసు గారు జోళ్లు తొడిగించి, ఆపైన కాగితం పొట్లం విప్పి, చిలకపచ్చ పట్టు లంగా, ఎర్ర ఓణీ పైకి తీశారు. ఆ హాలంతటిలో చిలకపచ్చ అన్నది అదొక్కటే. నేల చీలితే బాగుండునని వసంతకుమారి కోరుకున్నది. గ్రాసియేలా ఆ బట్టల వంక చూసి, మేనమామ వంక చూసి, ఓణీని గౌను మీదుగా భుజాన వేసుకుని తండ్రితో నాట్యానికి వెళ్లింది. మార్త వసంతకుమారిని పట్టుకుని ఏడ్చింది. ఇంతకంటే పెద్ద ప్రమాదం తరువాత వచ్చింది: వీధిలోని ఆడపిల్లలందరూ తమ మేనమామ ఓణీ ఎక్కడని అడగసాగారు. క్రిస్మస్ నాటికి వసంతకుమారి పెట్టెలో పట్టుచీరలు సగమయ్యాయి.

ఇక ఈ వీధి వదిలి వెళ్లిపోవాలని అప్పుడామె తీర్మానించుకున్నది. సబర్బ్‌లో ఉంటున్న తెలిసిన తెలుగు కుర్రాడు మోహన్, తన ఎపార్ట్‌మెంట్ పక్కనే ఒక ఇల్లు ఖాళీ అయిందని ఫోను చేశాడు. "అక్కయ్యా, ఇక్కడ అంతా క్వయట్‌గా ఉంటుంది. ఎవరూ ఎవరి జోలికీ రారు. సండే లోపల చెప్పేస్తే ఓనర్‌తో మాట్లాడేస్తా."

ఎవరూ ఎవరి జోలికీ రారన్న మాట ఆమె చెవికి సంగీతంలా తోచింది. తనకైతే పనిచేసే ఆసుపత్రి నుంచి సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడిచే ఆ నాలుగు అడుగులూ పరీక్షే. ఏ గుమ్మంలో చూసినా ఒక బంధువు నిలబడి తేరిపార చూస్తుంటాడు.

"నీ ఇష్టం కుమారీ," అన్నారు ఆమోసు గారు. ఆ పూట ఆయన ఎవరినీ ఏ వరసా పెట్టి పిలవలేదు. ఆ నిశ్శబ్దం ఆమెను కొంచెం భయపెట్టింది కూడా.

ఆ వారమే జనవరి మంచు కురిసింది. కార్లు దిబ్బలయ్యాయి, దుకాణాలన్నీ మూతపడ్డాయి. ఆమోసు గారు సాయంత్రం షిఫ్టులో ఫ్యాక్టరీలో చిక్కుకున్నారు. వసంతకుమారి ఎక్కిన బస్సు ఈడ్చుకుంటూ వచ్చి ఆమెను వీధి మొదట్లో దింపేసరికి చీకటి పడింది. మోకాలి లోతు మంచు, దీపం లేదు.

మూసివున్న మంగలి దుకాణం ముందు ఒక కుర్చీ ఉన్నది. కుర్చీలో, దుప్పటి కప్పుకుని, ఒళ్లో టార్చిలైటుతో ఎలియాస్ ఉన్నాడు.

"సెన్యోరా! ఎంత లేటు! నా మీసం విరిగిపోయేలా గడ్డకట్టింది."

"షాపు మూసేశారుగా. ఇక్కడెందుకు కూర్చున్నారు?"

ఎలియాస్ నొచ్చుకున్నాడు. "రోజూ నిలబడటం లేదా? మీ ఆయన వచ్చిన మొదటి వారమే చెప్పాడు. 'నా భార్య బస్సు దిగే వేళకు నేను డ్యూటీలో ఉంటాను. ఎవరినైనా తోడు పంపితే ఆమెకు కోపం, చిన్నపిల్లనా అంటుంది. నీ గుమ్మం దాటేదాకా నీ బాధ్యత. చిన్నాన్నవి గదా' అన్నాడు. నేను చినానా!"

అతను టార్చి ఊపాడు. ముందున్న చీకటిలో రొట్టెల దుకాణం దగ్గర మరో దీపం ఊగింది. రమోన్ బావ పార పట్టుకుని దారి తవ్వుకుంటూ ఎదురొచ్చాడు. అతని దీపం చూసి, ఇంటి పక్క మర గుమ్మంలోంచి రాకెల్ పెద్దమ్మ పేరుపెట్టి పిలిచింది. ఆమె చేతిలో వేడి రొట్టెల మూట ఉన్నది.

తన ఇంటి మెట్ల మీద వసంతకుమారి ఆగి వెనక్కు తిరిగి చూసింది. చిన్నాన్న, బావ, పెద్దమ్మ. బస్సు దిగిన చోట మొదలైన ఆ వంశవృక్షం సరిగ్గా తన గడప దగ్గర ఆగిపోయింది. వీధికి అటువైపు ఒక్క చుట్టమూ లేడు. లాండ్రీ మార్తది వేరే శాఖ ఎందుకైందో ఆమెకు అప్పుడు బోధపడింది.

ఆదివారం ఆమె మోహన్‌కు ఫోను చేసింది. "రాలేం తమ్ముడూ. సారీ. ఇక్కడ మా చుట్టాలున్నారు."

"చుట్టాలా? షికాగోలో మీకెవరున్నారక్కా?"

"అందరూ," అని ఫోను పెట్టేసింది.

ఆమోసు గారు పేపరు చాటున ఇదంతా వింటున్నారు. వసంతకుమారి కోటు వేసుకుని, పెట్టెలోంచి మిగిలిన పట్టుచీరలలో మంచిది ఒకటి తీసి మడతపెట్టింది.

"ఎక్కడికి కుమారీ?"

"ఎదురుగా, లాండ్రీకి. ఆ మార్త ఇవాళ్టి నుంచి నాకు వదిన."

ఆమోసు గారు పేపరు దించారు. "వదినా? ఏ వరసన?"

"రాత్రి మీ షిఫ్టు అయ్యి మీరు బస్సు దిగేది అటువైపేగా," అన్నది వసంతకుమారి, తలుపు తీస్తూ. "ఆ వేళకు తెరిచి ఉండేది ఆ లాండ్రీ ఒక్కటే."