మా తోడికోడలి ఫికర్

పెళ్ళయి అమీర్‌పేటలోని అత్తవారింటికి వచ్చిన కొత్తలో నాకు కంటగింపుగా ఉన్న మనిషి ఒక్కతే, మా తోడికోడలు. ఆమె నన్ను పల్లెత్తు మాట అనలేదు. నోరారా "చెల్లె" అని పిలిచేది. నాకు అదే కష్టంగా ఉండేది. తిట్టే మనిషి మీద కోపం తెచ్చుకోవచ్చు. మంచి మనిషి మీద ఏం తెచ్చుకుంటాం, అసూయ తప్ప?

ఆమె పంజాగుట్టలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూసేది. నేను మైత్రీవనంలోని ఒక కోచింగ్ సెంటర్లో జావా క్లాసులు చెప్పేదాన్ని. బస్సు దిగిన కుర్రాళ్ళు సామాను హాస్టల్లో పడేసి నేరుగా మా మెట్లెక్కే రోజులవి. చదువులో గానీ ఉద్యోగంలో గానీ నేనేం తీసిపోలేదు. అయినా ఇంట్లో ఏ మాట వచ్చినా అందరి చూపూ ఆమె వైపే. "వదినను అడుగుదాం" అనేవాడు మా ఆయన. "పెద్ద కోడలు రానీ" అనేది మా అత్తయ్య.

ఇంతా చేసి ఆమె చేసేది దిగులు పడటమే అని నా లెక్క. పొద్దున్నే మొదలయ్యేది. గ్యాస్ అయిపోతుందేమో, వాన పడితే పిల్లాడి స్కూలు ఆటో రాదేమో. "నీకు ఫికర్ లేకుంటే తిన్నది అరగదు" అని మా బావగారు నవ్వేవారు. అందరికంటే గట్టిగా నేను నవ్వేదాన్ని. మా విజయవాడ పుట్టింట్లో ఏ కష్టానికైనా "ఏం కాదులే" అన్నదే మందు. నేనూ పైకి అలాగే అనేదాన్ని. కానీ కొత్త బ్యాచ్‌కి డెమో క్లాసు ఉన్న రోజు భయంతో ముద్ద దిగేది కాదు. ఆ సంగతి తలుచుకోకుండా ఉంటే అదే పోతుందనుకునేదాన్ని. ఎప్పుడూ పోలేదు.

అత్తయ్యకు పిత్తాశయంలో రాళ్ళున్నాయని సోమాజిగూడలోని ఆసుపత్రిలో ఆపరేషన్‌కి రోజు ఖాయం చేశారు. ఇక మా తోడికోడలిని పట్టలేకపోయాం. మత్తు మందు పడకపోతే? బీపీ పెరిగితే? ఆ వారమంతా అదే గొడవ. వినలేక ఒకరోజు అనేశాను.

"ఏంటక్కా ఇది, అత్తయ్య వింటే భయపడరూ? చిన్న ఆపరేషనే కదా."

"చిన్నదే చెల్లె. గని నా మనసు ఊకుంటలేదు. ఒక్క మాట అడిగి తెలుసుకుంటే పోయేదేమున్నది?" అంటూ ఆమె ఫోన్ దగ్గరికి వెళ్ళింది. ఎవరికి చేసిందో నేను పట్టించుకోలేదు.

ఆపరేషన్ రోజు మత్తు డాక్టరు వచ్చి, అత్తయ్య రోజూ ఏమేం మందులు వాడతారని అడిగారు. ఈసారైనా ముందు నేనే చెప్పాలని ఆత్రపడ్డాను. "బీపీ మాత్ర తప్ప ఇంకేం లేవండీ" అన్నాను, అన్నీ తెలిసినదానిలా.

"ఇంకోటి సుత ఉన్నది సార్," అంది మా తోడికోడలు మెల్లగా. "గుండెకు చూపిచ్చినప్పుడు రక్తం పల్చగ చేసే గోలి రాసిన్రు. పోయిన వారం ఈడికి ఫోన్ చేసి అడిగితే, ఆ గుండె డాక్టర్‌ని అడిగి ఆపమన్నరు. ఆయన సరే అన్నంకనే ఆపినం." సంచీలోంచి ఆ మాత్రల అట్ట తీసి చూపించింది.

"మంచి పని చేశారమ్మా. ఆపకపోతే రక్తం ఆగడం కష్టమయ్యేది, ఇవాళ ఆపరేషన్ వాయిదా పడేది" అన్నారు డాక్టరు.

అత్తయ్య చెయ్యి చాచి ఆమె చెయ్యి పట్టుకుంది. "నా పెద్ద కోడలు ఉండంగ నాకేం ఫికర్ లేదు సార్" అంది. పెద్ద గండం తప్పిందన్న సంతోషం కంటే, అత్తయ్య పట్టుకున్న చెయ్యి నాది కాదన్న మంటే నాకు ముందు తగిలింది.

అత్తయ్యను లోపలికి తీసుకెళ్ళి తలుపులు వేశారు. బయట బెంచీ మీద మేమిద్దరం కూర్చున్నాం. అప్పుడు మొదలైంది నాకు భయం. చేతిలోని ఆసుపత్రి రసీదును మడుస్తూ, విప్పుతూ కూర్చున్నాను. "ఏం కాదులే" అనుకుని చూశాను. ఆ మందు పనిచేయలేదు. ఇంత దిగులుపడే మనిషి ఇప్పుడు ఏడుస్తూ ఉంటుందనుకుని పక్కకు చూశాను. ఆమె ఉస్మానియా బిస్కట్ చాయ్‌లో ముంచుకుని తింటోంది. తిన్నాక గోడకు తల ఆనించి హాయిగా నిద్రపోయింది.

అత్తయ్య చెయ్యి మీద కంటే ఆ నిద్ర మీద ఎక్కువ అసూయపడ్డాను. ఆమె కళ్ళు తెరవగానే అడిగాను.

"నిద్రెలా పట్టిందక్కా నీకు?"

"వారం సంది ఫికర్ చేసుడే అయింది గద చెల్లె. మనం చేసేదంత చేసినం. ఇగ డాక్టర్ల పని. ఇప్పుడు నేను ఫికర్ చేస్తే ఎవలికి ఫాయిదా?" అని నా చేతుల వైపు చూసింది. "జర చాయ్ తాగు. నీకు నిన్నటిదాంక రాని భయం అంత ఇయ్యాలనే వచ్చినట్టున్నది."

ఎగతాళి కాదది. అయినా గుచ్చుకుంది, నిజం కాబట్టి. నాకు దిగులు లేకపోవడం కాదు, దానికి ఎప్పుడూ ఒక పని అప్పజెప్పలేదు. ఆమె అప్పజెప్పేది. పని అయిపోయాక దాన్ని పంపించేసేది.

ఆపరేషన్ బాగా జరిగింది. అత్తయ్య ఇంటికొచ్చి, మళ్ళీ కూరల్లో ఉప్పు తక్కువైందని సణగడం మొదలుపెట్టాక, నాకు కొత్త బ్యాచ్ డెమో వచ్చింది. ఈసారి పెద్ద హాలు. ఆ పొద్దున నా భయాలను ఒక్కొక్కటిగా పైకి అన్నాను. కరెంటు పోతే? బోర్డు మీద రాసి చెప్పడానికి రెండు మార్కర్లు సంచీలో వేసుకున్నాను. గొంతు ఎండిపోతే? నీళ్ళ సీసా. నాకు తెలియని ప్రశ్న అడిగితే? దానికి చేసేదేమీ లేదు. తెలియదని చెప్పాలి, అంతే. ఆ మాట అనుకున్నాక ఎందుకో ఆకలేసింది. మొట్టమొదటిసారి డెమో రోజున కడుపునిండా ఇడ్లీ తిన్నాను.

కరెంటు పోలేదు. వెనక వరసలో ఒకమ్మాయి మాత్రం నేనెప్పుడూ వినని ప్రశ్న వేసింది. "నాకు తెలియదమ్మా, రేపు కనుక్కుని చెప్తాను" అన్నాను. ఆమె తలూపి కూర్చుంది. నేను తర్వాతి అంశంలోకి వెళ్ళిపోయాను. భయపడటం మరిచిపోయానని క్లాసు అయ్యాక గాని గుర్తురాలేదు.

సాయంత్రం ఇదంతా మా ఆయనకు ఉత్సాహంగా చెప్పాను. ఆయన నవ్వాడు. "అచ్చం వదిన లెక్కనే మాట్లాడుతున్నవ్. వదిన నేర్పిందా?"

నా సంతోషమంతా అక్కడే ఆగిపోయింది. "ఎవరూ నేర్పలేదు. నేనే నేర్చుకున్నాను" అన్నాను కటువుగా.

వంటింట్లోంచి మా తోడికోడలి గొంతు వినిపించింది. "అవ్ తమ్మి, ఆమెనే నేర్చుకున్నది. ఆమె మస్తు హుషార్ గద."

మనస్ఫూర్తిగానే అంది. అందుకే నాకు మళ్ళీ మండింది.