చివరి పేజీలో నాయన

మా డిగ్రీ కాలేజీ లైబ్రరీలో పుస్తకాలకేం తక్కువ లేదు. అన్నీ అద్దాల బీరువాల్లో ఉంటాయి. బీరువాలకు తాళాలు ఉంటాయి. లైబ్రేరియన్ రిటైరై వెళ్తూ తాళంచెవులు ఆఫీసులో ఇచ్చిపోయాడు. లెక్క చూసుకుని చార్జి తీసుకునే మనిషి ఇంతవరకూ రాలేదు కాబట్టి బీరువాలు తెరవడానికి వీల్లేదట! పైగా తెలుగు చెప్పుకునే నన్ను పట్టుకుని, ఫైనలియర్ పిల్లలకు ప్రాజెక్టు ఎలా రాయాలో, ఎవరి మాట ఎక్కడ తీసుకున్నారో ఎలా చూపాలో నేర్పమన్నారు. బావికి మూత వేసి ఈత నేర్పమన్నట్టుంది నా పని.

పిల్లలు గడుసువాళ్లు. అద్దానికి ముక్కు ఆనించి, పుస్తకాల వెన్నుల మీది పేర్లు ఫోన్లో ఫొటో తీసుకుని ప్రాజెక్టు చివరి పేజీ నింపేసేవాళ్లు. "చదవని పుస్తకం పేరు రాస్తే అబద్ధం. ఇంకొకరి మాట పేరు చెప్పకుండా రాస్తే దొంగతనం" అని గొంతు పోయేలా అరిచేదాన్ని. వింటే కదా!

విన్నది ఒక్కతే. కుందుర్పి దగ్గర పల్లె నుంచి వచ్చే అమ్మాయి. వాళ్ల నాయన గాలి వాటం, మబ్బు తీరు చూసి వేరుశనగ ఎప్పుడు విత్తుతాడో రాసింది. ఎంత బాగా రాసిందో! చివరి పేజీలో 'ఆధారాలు' అన్నచోట నాయన పేరు, ఊరు, మాట్లాడిన రోజు, అన్నీ నేను చెప్పినట్టే ఉన్నాయి. వాటి కింద జిగురుతో అంటించి ఆయన ఆధార్ కార్డు జిరాక్సు!

నవ్వు ఆపుకోలేకపోయాను. "ఇదేందమ్మా?"

"ఆధారం సూపియమంటిరి కదా మేడం. పుస్తకమైతే బీరువాలో కనపడతాది. మా నాయన ఉండాడని యెట్ల నమ్ముతారు?"

అప్పుడిక నవ్వు రాలేదు. కార్డు ఉండనీలే అన్నాను.

ఈ ప్రాజెక్టు పాసైతేనే ఆమెకు డిగ్రీ. డిగ్రీ చేతికొస్తేనే బీఈడీ సీటు. తప్పితే ఇంట్లో చదువు మాన్పిస్తారని ముందే నా దగ్గర ఏడ్చింది. వైవాకు బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు సరిగ్గా ఆ పేజీ దగ్గరే ఆగాడు.

"పుస్తకాలేవమ్మా?"

"అద్దం యెనకాల ఉండాయి సార్. తీసిస్తే సదివి రాస్తా."

ఆయన నా వైపు చూశాడు. నేను ప్రిన్సిపాల్ వైపు చూశాను. ప్రిన్సిపాల్ ఫ్యాను వైపు చూశాడు.

"విషయం బాగుంది. కానీ ఇంట్లోవాళ్ల మాట ఆధారం కింద చెల్లదు" అన్నాడు పరీక్షకుడు. "ఆ పేజీ తీసేసి, బీరువాలో కనిపించే పుస్తకాల పేర్లు నాలుగు రాసుకుని రా. పాస్ చేస్తాను."

మంచి మనసుతోనే అన్నాడు. నేను ఇరుక్కున్నదీ అందుకే. దుర్మార్గుడైతే పోట్లాడేదాన్ని. కాదంటే ఆ పిల్ల చదువు పోతుంది. ఔనంటే నేను నేర్పిందంతా గంగలో కలుస్తుంది. "రాసుకురామ్మా" అన్నాను. నా గొంతు మీద నాకే అసహ్యం వేసింది.

కాసేపటికి తెచ్చింది. పేర్లు, ఫోన్లో వెతికిన ముద్రణ సంవత్సరాలు, కామాలు, చుక్కలు, ఒక్క తప్పు లేదు. నాయన జిరాక్సును మాత్రం చిరగకుండా ఒలిచి, మడిచి బ్యాగులో పెట్టుకుంది.

మొదటి పేజీలో నా సంతకం కావాలి. 'ఇతరుల నుంచి గ్రహించిన ప్రతి మాటకూ ఆధారం చూపడమైనది' అన్న అచ్చు వాక్యం కింద. పెన్ను మూత తీశాను.

"మేడం, నాయన మాటలన్నీ లోపల అట్లనే ఉండాయి. పేరే లేదు" అంది ఆ అమ్మాయి. "ఇప్పుడిది దొంగతనమేనా?"

జవాబు కోసం నిలబడే ఉంది. నేను సంతకం పెట్టాను.