కర్జికాయ అంచు మీది అక్షరాలు

నాణేల పిచ్చివాళ్ళలో నాది ఇంకాస్త ముదిరిన పిచ్చి. అందరూ బొమ్మా బొరుసూ చూసి మురిసిపోతుంటే నేను బిళ్ళను నిలువుగా పట్టుకుని అంచు చూస్తాను. "ఉన్న రెండు పక్కలూ సాల్లేదా నీకు?" అంటారు మా ఆయన. ఆయనకేం తెలుసు! కంపెనీ కాలంనాటి కొన్ని రాగి బిళ్ళలకు అంచు చుట్టూ ఇంగ్లీషు అక్షరాలుంటాయి. ముందు అంచు మీద అక్షరాలు వేసి, ఆ తర్వాత బొమ్మలు ముద్రించేవాళ్ళు. బిళ్ళ అచ్చులో ఎటు తిరిగి పడితే అటే. అందుకే ఒక పక్కన ఉండే సింహాల బొమ్మ పైకి పెట్టి చూస్తే కొన్నిటికి అక్షరాలు నిటారుగా ఉంటాయి, కొన్నిటికి తలకిందులుగా ఉంటాయి.

దీపావళికి ముందు ఆదోనిలో పాత ఇత్తడి సామాన్ల అంగడిలో అలాంటి బిళ్ళ ఒకటి దొరికింది. అంచు తీరిగ్గా చూడొచ్చులే అని ప్లాస్టిక్ కవరులో వేసి బల్ల మీద పెట్టాను. అచ్చం అలాంటిదే మా అమ్మకు వాళ్ళమ్మ ఇచ్చింది. అమ్మ దాన్ని దాచుకోదు, వాడుతుంది. కర్జికాయ మడిచాక దాని అంచు మీద ఆ బిళ్ళను చక్రంలా దొర్లిస్తుంది. అంచూ అతుక్కుంటుంది, డిజైనూ పడుతుంది. మా అవ్వ నేర్పిన పద్ధతి అది.

పండగకు నాలుగు రోజుల ముందే అమ్మ ఎమ్మిగనూరు నుంచి డబ్బా నిండా కర్జికాయలతో వచ్చింది. పండగ రోజు పొద్దున్నే పూజ సామాను తోముతూ, నా బిళ్ళ నల్లగా ఉందని జాలిపడి, కవరు చించి, కొంగున ముడేసి తెచ్చుకున్న తన బిళ్ళతో కలిపి చింతపండూ ఉప్పూ వేసి తోమేసింది. నేను వచ్చేసరికి పళ్ళెంలో రెండూ తళతళలాడుతున్నాయి.

"ఎంత పని చేసినావమ్మా! ఆ నలుపే గదా దాని అందం!" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"మసి గూడా అందమేనా? సాల్లే!" అంటూ తన బిళ్ళ కోసం చెయ్యి చాపి, ఆగిపోయింది. ఒకటి తీసింది, పెట్టేసింది. రెండోది తీసింది. రెండూ ఒకేలా అరిగినవే.

"ఏమే, ఇందులో మా అమ్మది ఏదే?"

ఆ గొంతు వినగానే నా కోపం ఎటు పోయిందో పోయింది. భూతద్దం తెచ్చి అంచులు చూశాను. ఒకదానికి అక్షరాలు నిటారుగా, ఇంకోదానికి తలకిందులుగా ఉన్నాయి. తేడా దొరికింది సరే, ఏది ఎవరిది? ఊరందరికీ అంచుల గురించి ఉపన్యాసాలిచ్చే నేను ఈ రెండిటి అంచులూ ఒక్కసారీ చూడలేదు.

"నీ బిళ్ళను ఎట్లా పట్టుకుంటావమ్మా?"

"సింహాలు కుడిపక్కకు పెట్టి, నా తట్టు నుంచి అవతలికి దొర్లిస్తా. మా అమ్మ సెప్పింది, ఇప్పటికీ అట్లే."

చటుక్కున వెలిగింది. అమ్మ తెచ్చిన కర్జికాయల మీద పడింది అమ్మ బిళ్ళ అచ్చే గదా! పరిగెత్తి డబ్బా తెరిచాను. అడుగున పొడి మాత్రమే ఉంది. ఆఖరి కర్జికాయ మా ఆయన చేతిలో ఉంది, దాని కొస అప్పటికే నోట్లో ఉంది.

"తినొద్దప్పా! ఉండు!" అని అరిచింది అమ్మ. అల్లుడి మీద ఆమె గొంతు లేవడం అదే మొదలు. పాపం, ఆయన తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయారు.

మిగిలిన ముక్కను అమ్మ తాను ఒత్తేటప్పుడు ఉంచినట్టే పళ్ళెంలో పెట్టింది. నూనెలో ఉబ్బి అక్షరాలు చాలావరకు పూడిపోయాయి. దువ్వెనలా ఉండే ఒక్క E అక్షరం మాత్రం మిగిలింది. దాని పళ్ళు అమ్మ వైపు చూస్తున్నాయి.

ఇక పిండి తడిపాను. అమ్మ రెండు బిళ్ళలనూ తన పద్ధతిలోనే దొర్లించింది. మొదటిదానికి దువ్వెన పళ్ళు అవతలికి తిరిగాయి. రెండోదానికి అమ్మ వైపే తిరిగాయి.

"ఇదే! ఇదేనే మా అమ్మది!" అని బిళ్ళను కళ్ళకద్దుకుంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"ఇంక తినొచ్చునా?" అన్నారు మా ఆయన గుమ్మంలోంచి.

అమ్మ తన బిళ్ళను కొంగున ముడేసుకుని, నాది నా చేతిలో పెట్టింది. "నేను పోయినాక నాది గూడా నీకే గదా వచ్చేది. అప్పుడు రెండిట్నీ కలిపి తోమొద్దు. ఏది ఎవరిదో సెప్పేదానికి నేనుండను."

"పోమ్మా, పండగ పూట ఏం మాటలవి!" అని కసిరాను. కసిరి, అమ్మలాగే సింహాలు కుడిపక్కకు తిప్పుకుని, మిగిలిన పిండి మీద నా బిళ్ళ దొర్లించడం మొదలుపెట్టాను.