బార్ ఎదురుగా తూర్పు వాకిలి ఇల్లు

ఆ ఏడాది ఆదివారాలన్నీ ఇళ్ళు చూడటంతోనే సరిపోయాయి. ఎనభైల మొదట్లో సంగతి. అమ్మాయి కాన్పుకని వచ్చినదాన్ని, పిల్లాణ్ణి చూసుకోవడానికి ఉండిపోయాను. అమ్మాయికి ఆసుపత్రి లాబ్‌లో ఉద్యోగం. అల్లుడు రోజూ రైలెక్కి షికాగోలో ఆఫీసుకి పోయేవాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అద్దె అపార్ట్‌మెంట్‌లో నేనూ, ఏడాదిన్నర మనవడూ. కిటికీలోంచి చూస్తే పెద్ద రోడ్డు, దాని మీద కార్లు. ఆ రోడ్డు దాటే వీల్లేదు. పాలు అయిపోతే సాయంత్రం ఎవరో ఒకరు వచ్చేదాకా ఆగాల్సిందే. బుద్ధెరిగిన తర్వాత పాల చుక్క కోసం ఇంకొకళ్ళ దారి చూడటం నాకు అదే మొదలు.

అందుకని ఇల్లు కొంటామని వాళ్ళు అనగానే నాకూ కొంచెం ఆశ కలిగింది. ఎలాంటి ఇల్లు కావాలని అమ్మాయి అడిగితే రెండే మాటలు చెప్పాను. వాకిలి తూర్పుకుండాలి. చూడటానికి పొద్దున్నే వెళ్ళాలి, ఆదివారం సాయంత్రం రాహుకాలం గనక. అసలు మాట, నడిచి వెళ్ళడానికి ఒక కొట్టన్నా ఉండాలన్న మాట, నోటిదాకా వచ్చి ఆగింది. కొనేది వాళ్ళు. నా కాళ్ళ కోసం ఇల్లు కొనమని ఎలా అడుగుతాను?

ఇళ్ళు చూపించే తెల్లావిడ పడవంత కారులో వచ్చేది. వెనక సీట్లో నేనూ పిల్లాడూ. ఆవిడ ప్రతి గుమ్మం ముందూ నవ్వుతూ తాళం తీసేది. నేను ప్రతి గుమ్మం ముందూ చెప్పులు విప్పేదాన్ని. "అక్కర్లేదమ్మా, ఇది మన ఇల్లు కాదు" అనేది అమ్మాయి. మనది కాదు గనకే విప్పాలి. చలిలో వంగి చెప్పులు విప్పడం, మళ్ళీ తొడుక్కోవడం, ఆ వంటిల్లు బాగుంది, ఈ నేలకింద బేస్‌మెంట్ తడిగా ఉంది అనుకుంటూ మెట్లెక్కి దిగడం. మూడో ఇంటికల్లా ఏది ఏ ఇల్లో కలిసిపోయేది. ఊరి చివర మొక్కజొన్న చేలు చదును చేసి కట్టిన కొత్త ఇళ్ళు అన్నీ ఒకటే పోలిక. గరాజ్ పెద్దది, గుమ్మం చిన్నది. ఇక్కడ కొట్టు ఎక్కడుందని అడిగితే అమ్మాయి, "కారులో ఏడెనిమిది నిమిషాలేనమ్మా" అనేది. కారు లేని మనిషికి ఎంతసేపని అడగబుద్ధి కాలేదు.

ఒక ఆదివారం ఆ తెల్లావిడ రైలు స్టేషన్ దగ్గర పాత ఇల్లు చూపించింది. తూర్పు వాకిలి. ముందు చిన్న అరుగులాంటి వసారా. వంటింట్లోకి ఎండ పడుతోంది. పక్క వీధిలో కూరగాయల కొట్టు, దాటితే పార్కు, ఇంటి ముందు నుంచే నడిచేందుకు సిమెంటు బాట. అల్లుడు రైలుకి నడిచిపోవచ్చు, రెండో కారు అక్కర్లేదు. వడ్డీలు మండిపోతున్న రోజులు. అయినా మిగతా ఇళ్ళకన్నా ఇది తక్కువకే వస్తోందంటే నాకు అనుమానం వచ్చింది. గోడలు కొట్టి చూశాను, పంపులు తిప్పి చూశాను. లోపం కనపడలేదు. రోడ్డుకి అవతల చిన్న చిన్న నల్ల కిటికీలతో ఒక ఇటుకల కట్టడం, తలుపులు మూసి ఉంది. ఏదో గోడౌన్ అనుకున్నాను.

ఇంటికొచ్చి అన్నాలు తింటుంటే అల్లుడు నెమ్మదిగా అన్నాడు. "అత్తయ్యగారూ, ఆ ఎదురుగా ఉన్నది బార్. మీరు బాధపడతారని అక్కడ చెప్పలేదు."

"పొద్దున మూసే ఉందిగా?"

"ఆదివారం పొద్దున్నే ఎవరు తాగుతారండీ?"

అమ్మాయి కంచంలోంచి తల ఎత్తకుండా, "ఇంకేముంది, అమ్మ ఒప్పుకోదు. అయిపోయింది" అంది. నన్నెవరూ అడగలేదు. వాళ్ళిద్దరూ ఎంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారో చూశాను.

నాకు తాగుడంటే అసహ్యం. తాగి వచ్చి మా వీధిలో పడిపోయినవాళ్ళని దాటుకుంటూ నీళ్ళకెళ్ళిన దాన్ని. కానీ ఆ కూరగాయల కొట్టు కళ్ళముందు నుంచి పోలేదు. మూడు రోజులు ఆలోచించి అన్నాను. "ఈ ఆదివారం సాయంత్రం మళ్ళీ ఒకసారి తీసుకెళ్ళండి బాబూ."

అల్లుడు కళ్ళు పెద్దవి చేశాడు. "రాహుకాలం కదండీ!"

"వాళ్ళ వ్యాపారం అప్పుడేగా. అప్పుడే చూడాలి."

"మీరు బార్ చూడ్డానికి వెళదామంటున్నారని మా అమ్మకి రాస్తే నమ్మదండీ."

"రాయకండి మరి. స్టాంపు దండగ."

ఆ ఇంటి ముందే కారు ఆపుకుని కూర్చున్నాం. పిల్లాడు అమ్మాయి ఒళ్ళో నిద్రపోయాడు. ఎదుటి తలుపు మీద ఎర్రదీపం వెలిగింది. తలుపు తెరిచినప్పుడల్లా లోపల టీవీ, అరుపులు భళ్ళున బయటికి వచ్చి, మూసేసరికి ఆగిపోయేవి. వాళ్ళ ఫుట్‌బాల్ ఆట ఏదో ఉందట. ఇద్దరు మగవాళ్ళు కారు అడ్డంగా పెట్టావని దెబ్బలాడుకున్నారు, మళ్ళీ వాళ్ళే భుజాల మీద చేతులేసుకుని లోపలికి పోయారు. ఒకడు తూలుతూ రోడ్డు దాటి మేము చూసిన ఇంటి పొదల దగ్గర నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో అర్థమయ్యేసరికి అల్లుడు తనే ఆ పని చేసినట్టు సిగ్గుపడి స్టీరింగ్ వైపు చూస్తున్నాడు.

"చూశావా?" అంది అమ్మాయి.

"చూశాను. మన బస్‌స్టాండు గోడలు చూడలేదా నువ్వు?"

అప్పుడే ఒక ముసలావిడ వచ్చింది. నా వయసే ఉంటుంది. తలకి గుడ్డ కట్టుకుని, చేతిలో కాగితం సంచీ, సంచీలోంచి ఆకుకూర కాడలు. బార్ ముందు నుంచే నడిచింది. తలుపు దగ్గర సిగరెట్లు కాలుస్తున్నవాళ్ళు ఆవిణ్ణి చూడలేదు, ఆవిడా వాళ్ళని చూడలేదు. ఒకచోట ఆగి సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, మళ్ళీ నడిచి సందు తిరిగింది. నేను ఆ సందు వైపే చూస్తూ ఉండిపోయాను.

"కొనండి" అన్నాను.

అమ్మాయి, "నిజంగానే అంటున్నావా?" అంది.

"నిజంగానే. ఇక్కడైతే నేను నడవగలను. పిల్లాణ్ణి బండిలో వేసుకుని కొట్టుకెళతాను, పార్కుకెళతాను. మీరు వచ్చేదాకా కిటికీ పట్టుకుని నిలబడక్కర్లేదు." దాచుకున్న మాట మొత్తానికి అనేశాను. ఒళ్ళంతా అలిసిపోయినట్టయింది.

"సాయంత్రం దీపం పెట్టేవేళ తలుపు తీస్తే అదేగా అమ్మా కనపడేది?"

"వసారాకి వెదురు తడిక కట్టించుకుందాం."

"పిల్లాడి పుట్టినరోజుకి అందరూ వస్తారు. బార్ ఎదురుగా కొన్నారేమిటని అంటే? మనవాళ్ళందరూ కొత్త ఇళ్ళల్లో ఉంటే..." అని ఆగింది. అల్లుడు, "రీసేల్ వాల్యూ కూడా ఆలోచించాలండీ" అన్నాడు. ఇద్దరూ మంచివాళ్ళే. నా మీద ప్రేమ లేక కాదు. పదిమందీ ఏమంటారోనన్న భయం ఎవరికి లేదు?

మర్నాడు అమ్మాయి ఆ తెల్లావిడతో ఫోన్‌లో మాట్లాడుతోంది. మూడో తరగతి దాకా చదివిన దాన్ని, నాకు ఇంగ్లీషు రాదు. కానీ రెండేళ్ళుగా చెవిన పడ్డ ముక్కలు తెలుస్తాయి. "మై మదర్" అంది. "డజంట్ లైక్" అంది. ఫోన్ పెట్టాక అడిగాను.

"నాకు ఇష్టం లేదని చెప్పావా?"

"అలా అంటే ఇంక బలవంతపెట్టరమ్మా. పెద్దవాళ్ళ మాట అంటే ఊరుకుంటారు."

నాకు కోపం రావాలి. రాలేదు. ఈ పద్ధతి నాకు కొత్తా? దీనికి సంబంధాలు చూసేటప్పుడు వద్దనుకున్నవాళ్ళకి మేమూ అదే చెప్పాం, మా అత్తగారికి ఇష్టం లేదండీ అని. ఆవిడ మూల మంచంలో వక్కలు కత్తిరించుకుంటూ ఉండేది. ఎన్ని సంబంధాలు తను తిప్పి కొట్టిందో ఆవిడకి తెలియనే తెలియదు.

వాళ్ళు చేల దగ్గర కొత్త ఇల్లు కొన్నారు. దాని వాకిలి పడమరకి. అదేమిటని అడిగితే, "వెనక తలుపు తూర్పుకుందమ్మా, నువ్వు అటు నుంచి తిరుగు" అంది అమ్మాయి. పాలు పొంగించిన రోజు చాలామంది వచ్చారు. రోడ్డుకి రెండు పక్కలా కార్లు. వంటింట్లో పులిహోర కలుపుతుంటే అమ్మాయి స్నేహితురాలు ఒకావిడ నా పక్కన నిలబడి, "స్టేషన్ దగ్గర ఇల్లు మీరే వద్దన్నారటగా పెద్దమ్మగారూ. మంచి పని చేశారు. ఆ తాగుబోతుల మధ్య పిల్లాణ్ణి ఎలా పెంచుతారండీ?" అంది.

"నేను కొనమన్నాను" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం నా ముఖం చూసి పెద్దగా నవ్వింది. హాల్లో వాళ్ళకి చెప్పింది, వాళ్ళూ నవ్వారు. పెద్దావిడ భలే జోకులు వేస్తారే అన్నారు. అమ్మాయి మాత్రం నవ్వలేదు. విస్తరాకుల బదులు తెచ్చిన కాగితం ప్లేట్లు లెక్కపెట్టుకుంటున్నట్టు తల వంచుకుంది. నేను పులిహోరలో ఉప్పు చూసి పంపించాను.

ఆ వారంలోనే ఒకరోజు పిల్లాడి బండి తోసుకుంటూ బయల్దేరాను, పాల కోసం. అక్కడ నడిచే బాట లేదు. గడ్డి మీద బండి చక్రాలు తిరగవు, రోడ్డు మీద తోశాను. ఇల్లు తరువాత ఇల్లు, ఒక్క మనిషి లేడు. రోడ్డు వెళ్ళి వెళ్ళి చేను దగ్గర ఆగిపోయింది. వెనక్కి తిరిగేసరికి ఒక కారు వచ్చి పక్కన ఆగింది. అందులో ఆవిడ దిగి ఏమేమో అడిగింది, నా చీర వంక, పిల్లాడి వంక చూసి. దారి తప్పిన దాన్ననుకుంది. తప్పలేదని చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. ఆవిడ బండి మడిచి వెనక పెట్టుకుని, ఒక్కో ఇంటి ముందూ కారు నెమ్మది చేస్తూ, ఇదేనా ఇదేనా అన్నట్టు నా వంక చూస్తూ తీసుకెళ్ళింది. అన్నీ ఒకేలా ఉన్నాయి. చివరికి మా గుమ్మం ముందు నేను పెట్టిన కుండీ చూసి చెయ్యి ఎత్తాను.

సాయంత్రం అమ్మాయి వచ్చాక చెప్పలేదు. పాలు లేవని మాత్రం చెప్పాను.