తొడిమ తీయని వంకాయ

పక్షవాతం వచ్చి ప్రాణాపాయం తప్పాక మా ఆయన నోట మిగిలిన మాటలు చాలా కొద్ది. ఒకటి "అమ్మ". అది నన్నో, ఎప్పుడో పోయిన మా అత్తగారినో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంకోటి "కాదు". దాదాపు అన్నిటికీ అదే జవాబు. మరొకటి "తోట". జావ కాచి ముందు పెడితే తోట. ఇడ్లీ పాలలో నానబెట్టి తెస్తే తోట. అలా అని మొహం గోడవైపు తిప్పేసుకునేవాడు.

ఓడ ఇంజన్ రూములో ఫిట్టరుగా సగం జీవితం గడిపిన మనిషి. తుప్పుపట్టిన నట్టుతో పూటంతా పోట్లాడి ఊడదీశానని సెలవుల్లో ఇంటికొచ్చి గొప్పలు చెప్పుకునేవాడు. అలాంటివాడికి ఎడమచేత్తో చెంచా పట్టుకోవడం నేర్పించాల్సి వచ్చింది. కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉండేది, ఎవరో మర్చిపోయి వదిలేసిన వస్తువులా.

చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ నాకు ఓర్పు ఎక్కువని మెచ్చుకుని వెళ్ళేవారు. నా ఓర్పు వాళ్ళకు టీ ఇచ్చి గుమ్మం దాకా సాగనంపడం వరకే. తలుపు వేశాక సింకులో గిన్నెలు ఎంత చప్పుడు చేసేవో అంకులిలో మా పక్కింటివాళ్ళను అడగండి. పొద్దున లేపి కూర్చోబెట్టడం, ఒళ్ళు తుడవడం, దుప్పట్లు మార్చడం, మళ్ళీ పడుకోబెట్టడం. నా నడుము నొప్పి గురించి మాత్రం ఎవరూ ఏ మందూ చెప్పలేదు. నోరున్నదాన్ని కదా, దీనికేం నొప్పి అనుకుని ఉంటారు.

బరంపురంలో మేం చూపించే డాక్టరుగారు ఒడియాలో మెల్లగా, మర్యాదగా చెప్పారు. మింగడంలో ఇబ్బంది లేదట, పరీక్ష చేసి చూశారట. మెత్తటివి ఏవి పెట్టినా తినగలడట. కానీ మనిషి ఇలా చిక్కిపోతుంటే లాభం లేదు, మళ్ళీ వచ్చేసరికి తిండి మొదలుపెట్టకపోతే ముక్కులోంచి గొట్టం వేయక తప్పదు అన్నారు.

"తినగలడు, తినడం లేదు అంటున్నారు. ఇది నరాల జబ్బా, మొండితనమా? తేల్చి చెప్పండి" అన్నాను.

"రెండూ కావచ్చు" అన్నారాయన, నవ్వకుండా.

గొట్టం అంటే ఏమిటో నాకు తెలుసు. మా వీధిలో ఒక ముసలాయనకు వేస్తే పీకేసుకుంటున్నాడని చేతులు రెండూ మంచానికి కట్టేశారు. మా ఆయనకు కదిలే చెయ్యి ఒక్కటే. దాన్ని కూడా కట్టేస్తే ఇంక ఆ మంచం మీద ఎవరుంటారు? ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ నాకు అదే ఆలోచన.

పాత్రపూర్ దగ్గర మా మామగారి జీడిమామిడి తోట ఉంది. పంపకాల్లో అది మా బావగారికి వెళ్ళింది. అంకులిలో ఇంటిస్థలం మాకు వచ్చింది. తెలుగులోనూ తోటే, ఒడియాలోనూ తోటాయే. ఏ భాష దారిన పోయినా ఆ చెట్ల దగ్గరికే చేరుతున్నాం. తమ్ముణ్ణి చూడ్డానికి వచ్చిన మా బావగారు మొదటిసారి ఆ మాట విన్నప్పుడు టీ కప్పు కింద పెట్టేశారు.

"ఏటంటన్నాడమ్మా?"

"తోట అంటన్నాడు బావగారూ."

"ఏ తోట?"

"మనకున్నది ఒకటే కదా. మీకున్నది, అనాలేటో."

"పెద్దమనుషుల ముందర సంతకం ఎట్టినాడు కదమ్మా! ఇన్నాళ్ళు నేంది, ఇప్పుడు మంచం మీద తొంగుని తోటంటే ఏటర్థం? ఎవులు నేర్పినారు?"

"నేనే నేర్పినాను. జావ తాగించడం సేతకాదు గానీ మాటలు నేర్పడం బాగా వచ్చు నాకు."

ఆయన నొచ్చుకున్నారు. నొచ్చుకోవాలనే అన్నాను. అయినా ఆ ఆదివారం కారు తెచ్చింది ఆయనే. ఇద్దరం కలిసి మా ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీలో మోసుకెళ్ళి తోట మధ్యలో దించాం. నేను ఇంటి నుంచి తెచ్చిన పెరుగన్నం డబ్బా మూత తీశాను. ఆయన చెట్ల వైపు చూశాడు, అన్నయ్య వైపు చూశాడు, డబ్బా వైపు చూశాడు.

"కాదు" అన్నాడు. కాసేపాగి మళ్ళీ, "తోట."

"తోటలో కూకుని తోటంటాడేటమ్మా!" మా బావగారు తల పట్టుకున్నారు. తర్వాత ఆయనకు ఏమనిపించిందో, కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని, "ఒరే తమ్ముడూ, మనసులో ఏటుందో సెప్పరా. ఓ సెట్టు కావాలేటి? తీసుకో, నాను కాదననురా" అన్నారు.

"ఒక్క సెట్టే!" అన్నాను నేను. నోరు ఊరుకోదు.

పెరుగన్నం తిరిగి ఇంటికి వచ్చింది. డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాల్సిన రోజు దగ్గరపడుతోంది.

ఆ వారంలోనే చమఖండి నుంచి ఒకతను వచ్చాడు. మా ఆయనతో ఒకే ఓడలో డెక్కు మీద పనిచేసిన మనిషి, నన్ను ఒదినా అంటాడు. ఇద్దరూ పక్కపక్క కేబిన్లలో ఉండేవారట. గట్టిగా మాట్లాడతాడు, ఇప్పటికీ ఇంజన్ రొదలో ఉన్నట్టే. మంచం మీద కూర్చుని స్నేహితుడి చెయ్యి పట్టుకుని, ఓడ కబుర్లన్నీ ఒక్కడే చెప్పుకుంటూ పోయాడు. నేను అరటిపండు నలిపి చెంచాతో నోటి దగ్గర పెట్టాను.

"తోట" అన్నాడు మా ఆయన.

"సూసేవా తమ్ముడూ, పొద్దస్తమానం ఇదే గోల. తోటకి తీసుకెల్తే అదీ కాదంట" అన్నాను.

అతను ఒక్క క్షణం చూసి, తొడ మీద చరుచుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండింది.

"నవ్వుతావేటి?"

"ఓలమ్మో, ఒదినా! తోట కాదే తల్లీ! తోర్తా! తోర్తా అడుగుతున్నాడు మావోడు. నాలిక తిరగట్నేదు, అంతే."

"తోర్తా ఏటి?"

"వంకాయట్టు. మా ఓడలో కుక్కు ఫిలిప్పీనోడు. వంకాయని కాల్సి, తొక్క తీసి, లోపల కైమా ఎట్టి, గుడ్డులో ముంచి యేపేవోడు. దానికి రెలేనోనో ఏటో పెద్ద పేరుంది. మాకందరికీ తోర్తాయే. ఆదోరం తోర్తా ఉందంటే ఈడు ఇంజన్ రూములోంచి నూనె సేతుల్తోనే పైకొచ్చేసీవోడు."

మా ఆయన వైపు తిరిగాను. ఆయన కళ్ళు నా మీదే ఉన్నాయి. ఇన్నాళ్ళూ కాదు కాదు అని చెప్పి చెప్పి అలిసిపోయిన కళ్ళు. ఆ చూపులో సంతోషం ఏమీ లేదు. ఇప్పటికైనా బుర్రకెక్కిందా అన్నట్టుంది. నేను కూడా ఊరుకోలేదు. "ఇంట్లో ఉన్నన్నాళ్ళూ వంకాయ పులుసెడితే ఏలెట్టి పక్కకి తోసీవోరు కదండీ! ఓడలో ఎవుడో వండితే అమృతమేటి?" అన్నాను.

ఎలా వండాలని అడిగితే చమఖండి అతను చేతులెత్తేశాడు. "నాను తిన్నోణ్ణే గానీ వండినోణ్ణి కాదొదినా. ఒకటి మాత్రం గేపకం, పంది కైమా ఎట్టాల."

"పంది నా గడప తొక్కదు."

"అయితే తోర్తా కాదది."

"అయితే మీ ఫిలిప్పీనోణ్ణే పిలిపించు, మా పెరట్లో వండుకుంటాడు."

మర్నాడు బజారుకెళ్ళి గుండ్రటి కాయలు వదిలేసి పొడుగు వంకాయలు ఏరుకొచ్చాను. నూనె రాసి గ్యాస్ మంట మీద తిప్పుతూ కాల్చాను. ఇందులో నాకు కొత్తేముంది? తొక్క నల్లబడి పగిలి, లోపలి రసం స్టవ్ మీద చుయ్యిమంటూ కారేదాకా కాల్చడం మా ఇళ్ళలో ఆడపిల్ల పుట్టి పెరుగుతూ చూసేదే. చల్లారాక తొక్క వలిచాను. వలుస్తూ నడుము ఎప్పుడు కాస్త వాల్చుదామా అని ఆలోచిస్తున్నాను. ఆ ఆలోచనలో ఉండగానే నా చేతులు తొడిమ పుటుక్కున తుంచేసి, కాయను గిన్నెలో వేసి, ఉప్పూ పచ్చిమిర్చీ వేసి పిసికేశాయి. పచ్చడి అయిపోయింది. కాల్చిన వంకాయ చేతికొస్తే ఇంకోలా చేయడం ఈ చేతులకు తెలియదు.

అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు. ఆ పచ్చడిలోనే గుడ్లు కొట్టి అట్టు పోసి పట్టుకెళ్ళాను.

"కాదు" అన్నాడు. ఈసారి తోట అని కూడా అనలేదు. గోడవైపు తిరిగిపోయాడు.

ఆ అట్టును వంటింట్లో నిలబడి, రాత్రి నీళ్ళు పోసి నానబెట్టిన పకాళ అన్నంలో నంజుకుని నేనే తిన్నాను. బాగానే ఉంది. బాగుండటం ఎవరికి కావాలి? చల్లటి పకాళ గొంతులోంచి దిగుతుంటే నాకు ఏడుపు కూడా రాలేదు, నిద్ర వచ్చింది. మర్నాడే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాలి.

సాయంత్రం ఫోనులో వెతికాను. ఎవరో ఒకావిడ నవ్వుతూ వండుతోంది, ఒక్క ముక్క అర్థం కాలేదు. మాట ఆపేసి చేతులే చూశాను. ఆవిడ తొక్క వలిచింది కానీ తొడిమ ముట్టుకోలేదు. కాయను పళ్ళెంలో పరిచి ఫోర్కుతో మెల్లగా నొక్కితే విసనకర్రలా విచ్చుకుంది. తొడిమ దానికి పిడి. దాన్ని పట్టుకునే గిలక్కొట్టిన గుడ్డులో ముంచింది, పెనం మీద వేసింది, పైన కైమా పరిచి, మిగిలిన గుడ్డు పోసి తిరగేసింది. ఎక్కడా పిసకడం లేదు.

మళ్ళీ వంకాయలు కాల్చాను. తొక్క వలుస్తున్నప్పుడు ఎడమచేత్తో తొడిమను గట్టిగా పట్టుకుని కూర్చున్నాను, కుడిచేతికి అందకుండా. కోడి కైమా మెత్తగా నూరించి తెచ్చాను. ఉల్లిపాయ, వెల్లుల్లి, చిన్న చిన్న బంగాళాదుంప ముక్కలు వేసి వేయించాను. గరం మసాలా డబ్బా దాకా వెళ్ళిన చేతిని వెనక్కి లాక్కున్నాను. పసుపు మాత్రం చిటికెడు వేశాను. పసుపు లేని కైమా నా ఇంట్లో ఉడకదు, ఫిలిప్పీన్స్ వాళ్ళు ఏమనుకున్నా సరే. మొదటిది తిరగేస్తుంటే చిరిగి కైమా పెనమంతా పడింది. రెండోది అంచులు ఎర్రబడి, బల్లపరుపుగా, తొడిమతో సహా పళ్ళెంలోకి జారింది.

పళ్ళెం ఒళ్ళో పెట్టి, వెనకాల దిళ్ళు సర్ది, చెంచా చేతికిచ్చాను. చెంచా పక్కన పడేశాడు. ఎడమచేత్తో తొడిమ పట్టుకున్నాడు. పట్టుకుని కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత కొసని నోటి దగ్గరికి లాక్కుని కొరికాడు.

నమిలాడు. నెమ్మదిగా నమిలాడు, జారిన బుగ్గవైపు నుంచి కారుతుంటే నేను గుడ్డతో తుడిచాను. మింగాడు. మళ్ళీ కొరికాడు.

మూడో ముక్కకు ఆగి నన్ను చూశాడు.

"ఉప్పు" అన్నాడు.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. నాకేం ఆనందబాష్పాలు రాలేదు. రక్తపోటు మనిషికి ఉప్పు సగానికి సగం తగ్గించమని డాక్టరుగారు చెప్పారు. పొద్దున్నించి వంకాయలు కాల్చి కాల్చి నా చేతులు పొగవాసన కొడుతున్నాయి.

"సరిపోయింది. తినండి" అన్నాను.

"ఉప్పు."

"డాక్టరు వద్దన్నారు."

"ఉప్పు!"

"ఇవ్వను. ఏటి సేస్తారు?"

కళ్ళెర్రజేసి నన్ను చూస్తూనే ఇంకో ముక్క కొరికాడు. అదీ నమిలి మింగి, "ఉప్పు" అన్నాడు. నేను ఇవ్వనన్నాను. మంచం పక్కన నేలమీద చతికిలబడి, గోడకు నడుము ఆనించుకుని, ఆయన అడిగినప్పుడల్లా ఇవ్వనని చెబుతూ కూర్చున్నాను. పళ్ళెంలో తొడిమ ఒక్కటీ మిగిలేదాకా ఆయన అడుగుతూనే ఉన్నాడు.